అడ్డుపలక లేని మంచం

మంచాలు ఎత్తడం నా పని. మా కాలేజీలో ఆరు హాస్టళ్లున్నాయి, వాటిలో పదకొండు వందల మంచాలున్నాయి. ఆగస్టు చివరి వారం వచ్చిందంటే వాటిలో సగానికి పైగా నా చేతుల మీదుగా పైకి లేవాల్సిందే. గదులేమో అగ్గిపెట్టెలంత. పిల్లలేమో ఇంటినుంచి సోఫా, చిన్న ఫ్రిజ్, గిటారు, కుండీతో సహా మొక్క, అన్నీ మోసుకొస్తారు. వాటికి నేల చాలదు కాబట్టి మంచాన్ని ఐదడుగుల ఎత్తుకి లేపించుకుని, దాని కింద బల్లా కుర్చీ సర్దుకుంటారు. పడుకోవాలంటే నిచ్చెనెక్కాలి. అటక మంచాలు అంటాం వాటిని.

పెద్ద విద్యేమీ కాదు. మంచం కాళ్లకి వరసగా చిల్లులుంటాయి. ఒక కొస ఎత్తి పట్టుకుని కావలసిన చిల్లుల్లో ఇనుప సీలలు దిగ్గొట్టాలి, తర్వాత రెండో కొస. రబ్బరు సుత్తి ఒకటి, నడుము నొప్పికి మందు ఒకటి ఉంటే చాలు. చివరగా బయటివైపు అడ్డుపలక బిగించాలి, నిద్రలో దొర్లి కింద పడకుండా. ఆ పలక బిగించినా విప్పినా మా మరమ్మతు విభాగం వాళ్లే చెయ్యాలని రూలు. పిల్లలు ఆ రూలుని పూచికపుల్లలా తీసిపారేస్తారు. పలక విప్పి అలమర వెనక దాస్తారు. నేను కనిపెట్టి బిగిస్తాను. వాళ్లు మళ్లీ విప్పుతారు. ఇరవై మూడేళ్లుగా ఈ దొంగా పోలీసు ఆట నడుస్తూనే ఉంది.

ఒక్క మంచానికి మాత్రం ఆ పలక నేనే విప్పాను. అది మా అమ్మాయి మంచం.

మా అమ్మాయి పేరు బ్రిట్టా. స్కూల్లో ఉండగానే రెండు వేసవులు నా దగ్గర కూలి పని చేసింది. మంచానికి నేను ఈ కొస పట్టుకుంటే తను ఆ కొస పట్టుకునేది. "ఒకటి, రెండు, ఎత్తు!" అని తనే అరిచేది, నేను బాసుని అన్న సంగతి మర్చిపోయి. చదువుకి మా కాలేజీకే వచ్చింది. ఇల్లు నాలుగు వీధుల అవతలే అయినా హాస్టల్లోనే ఉంటానని పట్టుబట్టింది. మూడో అంతస్తులో 314 గది ఇచ్చారు. కిందటేడు ఆగస్టులో ఆ మంచం ఎత్తింది మేమిద్దరమే. అంతా అయ్యాక నేను పలక బిగించి సుత్తి సంచిలో వేసుకుంటుంటే, తను అప్పటికే పైకెక్కి కూచుంది.

"నాన్నా, అది వద్దు."

"ఏది వద్దు?"

"ఆ పలక. ఉయ్యాల్లో పాపాయిని పడుకోబెట్టినట్టుంది. దుప్పటి పరచాలంటే మోచేతులు కొట్టుకుంటున్నాయి చూడు."

"రూలు రూలే అమ్మడూ. నిద్రలో దొర్లి పడితే?"

"పద్దెనిమిదేళ్లలో ఎప్పుడైనా పడ్డానా?"

"రూలు రాసినవాళ్లకి ఆ సంగతి తెలీదుగా."

"రాసినవాళ్లకి తెలీదు, బిగించేవాడికి తెలుసుగా! ఇప్పటికే అందరూ నన్ను లోవెల్ గారి పాప అంటున్నారు. ఇక ఉయ్యాల కూడా కట్టించుకుందని ఏడిపిస్తారు."

నేను కాసేపు బెట్టు చేశాను. నా బెట్టు ఆ పిల్ల దగ్గర ఎప్పుడు నిలబడింది గనక! మరలు రెండూ విప్పి, పలకని అలమర వెనక్కి తోశాను. అచ్చం ఆ దొంగ పిల్లల్లాగే. పైనుంచి వంగి నా బట్టతల మీద ముద్దు పెట్టింది.

అక్టోబరులో ఒక శని ఆదివారాలకి, గదిలో తనతో ఉండే అమ్మాయి ఇంటికి వెళ్లింది. బ్రిట్టా ఒక్కతే ఉంది. శనివారం రాత్రి ఎప్పుడో పడింది. ఆదివారం మధ్యాహ్నం దాకా ఎవరూ చూడలేదు. తల వెనక దెబ్బ. వెంటనే పోయిందనీ, నొప్పి కూడా తెలిసి ఉండదనీ డాక్టరు అన్నాడు. మంచివాడు. కానీ తను దొరికింది మంచం పక్కన కాదు, తలుపు దగ్గర. మంచానికీ తలుపుకీ మధ్య పన్నెండడుగులు. నేనే కొలిచాను.

తర్వాత కాలేజీ వాళ్లు ఆఫీసులో కూచోబెట్టి అడిగారు. "ఆ మంచం ఎత్తింది మీరే కదా, లోవెల్. పలక బిగించారా?" అని. "బిగించాను" అన్నాను. ఒక్క మాట. అది అబద్ధం కూడా కాదు, బిగించిన మాట నిజమే. వాళ్లు నాకంటే ఎక్కువ ఏడుపు మొహాలతో తలూపి, "గదిలో ఉన్న విద్యార్థినే అడ్డుపలక తొలగించింది" అని నివేదికలో రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను. ఆ వేళ నిజం చెప్తే ఉద్యోగం పోతుందని భయపడ్డానా అంటే, కాదు. నా భార్య మార్లిస్ మొహం చూడాలంటే భయమేసింది.

మార్లిస్ ఆ నివేదిక నమ్మింది. నమ్మి, చచ్చిపోయిన పిల్లని తిట్టేది. గిన్నెలు తోముతూ ఉన్నట్టుండి చేతులాపి, "చెప్పింది ఒక్కటి వింటేగా! ఆ పలక దాన్నేం చేసింది? ఏం తెగులొచ్చింది దానికి?" అని సింకులోకి చూస్తూ ఏడ్చేది. నేను పక్కనే గిన్నెలు తుడుస్తూ ఉండేవాణ్ని. ఏడాది పైన అలాగే తుడిచాను. ఇదిగో ఇప్పుడు చెప్తాను, ఇదిగో రేపు చెప్తాను అనుకుంటూనే.

నన్ను తొలిచేసేది ఇంకొకటి కూడా ఉంది. ఆ పన్నెండడుగులూ పాకేటప్పుడు బ్రిట్టా నన్ను పిలిచిందా? పిలిచి, రాకపోతే తిట్టుకుందా? ఇది నాకు తెలియాలి. ఇంక వేరే కోరికంటూ ఏమీ మిగల్లేదు నాకు.

314ని మూసేశారు. మంచం కిందికి దించి, ఆ గదిలో పాత కుర్చీలు పడేశారు. ఈ నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండగ ముందురోజు, మా బాసు గారెట్ నన్ను పిలిచి గొంతు సవరించుకున్నాడు. నా సగం వయసు కుర్రాడు. కష్టమైన మాట చెప్పాల్సొస్తే చెవులు ఎర్రబడతాయి.

"జనవరిలో కొత్తగా ఒకమ్మాయి చేరుతోంది. 314 తప్ప ఖాళీ లేదు. అటక మంచం కావాలని రాసింది. మీరు వెళ్లొద్దు. సెలవయ్యాక ఎవరినో ఒకర్ని పంపిస్తాను."

"ఆ ఎవరో ఒకరు సీలలు వంకరగా కొడతారు. నేనే వెళ్తాను. ఇవాళే."

"లోవెల్, మీరు..."

"నేనే వెళ్తానన్నానా!"

పాపం, పనుల పట్టీలో నా పేరే రాశాడు. పండగకి మార్లిస్ పొద్దున్నే వాళ్ల చెల్లెలి ఊరికి వెళ్లిపోయింది, మూడు గంటల దూరం. మర్నాడు పొద్దున నేను వెళ్లాలి. అంటే ఆ సాయంత్రం నేనెక్కడున్నానో వెతికేవాళ్లు ఎవరూ లేరు. అప్పుడు ఆ సంగతి తట్టలేదు. ఆ మంచానికి పలక నా చేత్తో బిగించాలి, రెండు మరలు కాదు, నాలుగు వెయ్యాలి అన్న ఆలోచన ఒక్కటే ఉంది.

తాళాల పెట్టె దగ్గర నా కార్డు చూపించి 314 తాళం తీసుకున్నాను. పెట్టె మీద టైము పడింది, నాలుగూ యాభై రెండు. బయట అప్పటికే చీకటి. మంచు అడ్డంగా కొడుతోంది. హాస్టలు మధ్యాహ్నమే ఖాళీ అయింది. పిల్లలు లేని హాస్టలు చూస్తే నాకు ఎప్పుడూ అదోలా ఉంటుంది. గదుల వేడి తగ్గించేశారు కాబట్టి వేడినీళ్ల గొట్టాలు చల్లారుతూ ఎక్కడో టక్... టక్... మంటున్నాయి. నేల పాలిష్ వాసన. ఎవరో పారెయ్యడం మర్చిపోయిన పాప్‌కార్న్ వాసన. మూడో అంతస్తు నడవలో నా బూట్ల చప్పుడు నాకంటే ఒక అడుగు ముందు నడుస్తున్నట్టుంది.

314 తలుపు తీశాను. గదిలో బల్బు లేదు, ఎవరో ఎప్పుడో ఊడబెరుక్కుపోయారు. నా బ్యాటరీ దీపం నేల మీద పెట్టాను. మోకాళ్ల దాకా వెలుతురు, ఆ పైన మసక, కప్పు దగ్గర చీకటి. కుర్చీలన్నీ నడవలోకి లాగేశాను. తలుపు దగ్గర నేలని చూడకుండా పని చేశాను. కుదరలేదు, చూశాను. అక్కడ ఏమీ లేదు. శుభ్రంగా తుడిచిన నేల.

మొదటి కొస ఎత్తి భుజం మీద ఆనించుకుని సీల పెట్టాను. సుత్తితో మూడు దెబ్బలు కొట్టాను. నాలుగు వినిపించాయి.

గోడకి తగిలి చప్పుడు తిరిగొచ్చి ఉంటుంది. ఖాళీ గదుల్లో మామూలే. రెండో సీలకి మళ్లీ మూడు కొట్టాను, చెవులు రిక్కించి. మూడే వినిపించాయి. "ముసలాడా, పని చూసుకో" అని నన్ను నేనే కసురుకున్నాను.

రెండో కొసే కష్టం. ఒక కొస పైనుంటే బరువంతా రెండో కొసకి వస్తుంది. ఇద్దరు పట్టాల్సిన పని అది. ఒంటరిగా చేస్తే నడుము విరుగుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి, రెండు చేతులూ చట్రం కింద దూర్చి, లోపల్లోపల లెక్కపెట్టుకున్నాను. ఒకటి... రెండు...

ఎత్తు అనుకోకముందే మంచం లేచింది.

తేలిగ్గా. ఖాళీ పెట్టె ఎత్తినట్టు. అవతలి మూల ఎవరో సగం బరువు మోస్తున్నట్టు... సమంగా, వంకర లేకుండా, కరెక్టుగా నా భుజం ఎత్తులో ఆగింది. అలా ఆపడం అలవాటున్న చెయ్యికే వస్తుంది. నా చేతులు దాన్ని పట్టుకునే ఉన్నాయి గానీ, వాటి మీద బరువే లేదు. అవతలి మూల చీకట్లో ఉంది. అటు చూడలేదు. చూస్తే బరువు వచ్చి నా మీద పడుతుందేమోనని కాదు. చూస్తే అక్కడ ఎవరూ ఉండరేమోనని.

ఏడుస్తూనే సీలలు దిగ్గొట్టాను. పరుపు పైకి తోశాను. అది నీలం ప్లాస్టిక్ తొడుగు పరుపు, హాస్టళ్లన్నిటికీ అదే. దాని మీద మనిషి కదిలితే కిర్రుమంటుంది. అలమర వెనక చెయ్యి పెట్టి అడ్డుపలక బయటికి లాగాను. ఏడాదిగా అది అక్కడే ఉంది, నేను తోసినచోటే. దాని మీద దుమ్ము పేరుకుంది. మరలు నోట్లో పెట్టుకుని, పలక రెండు చేతులతో పైకెత్తి, మంచం అంచుకి ఆనించబోయాను.

పైన పరుపు కిర్రుమంది.

"నాన్నా... అది వద్దు."

నోట్లో మరలు నేల మీద పడ్డాయి. ఎన్ని పడ్డాయో, ఎటు దొర్లాయో తెలీదు. గొంతు అదే. జలుబు చేసినప్పటిలా కాస్త బొంగురుగా ఉంది, అంతే. గోడ వైపు నుంచి వచ్చింది. దానితోపాటే కమలాపండు తొక్క వాసన వచ్చింది. మంచం మీద కూచుని కమలాపండ్లు తినొద్దని వాళ్లమ్మ ఎప్పుడూ కేకలేసేది.

భయం వెయ్యలేదంటే అబద్ధం. ఒళ్లంతా చెమట పట్టింది, నోట్లోంచి ఊపిరి పొగలా వస్తున్నా సరే. తలుపు తీసే ఉంది. నాలుగంగల్లో బయటపడొచ్చు. కానీ అక్కడ పడుకున్నది నా కూతురు. పారిపోయి ఎక్కడికి పోను?

పలక కింద పెట్టేశాను. నిచ్చెనెక్కాను.

పైన చీకట్లో ఏమీ కనిపించలేదు. చేత్తో తడిమాను. పరుపు గోడ పక్కన లోపలికి నొక్కుకుని ఉంది, పొడుగ్గా. అక్కడ చెయ్యి పెట్టే ధైర్యం చాల్లేదు. చలి మాత్రం తెలుస్తోంది. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు కాళ్లకి తగిలినట్టు.

"బయటివైపు నువ్వు పడుకో" అంది, గుసగుసగా.

పడుకున్నాను. తనకి వీపు చేసి, గది వైపు తిరిగి. తన చిన్నప్పుడు సరస్సు దగ్గర కేబిన్‌కి, అంటే చిన్న చెక్క ఇంటికి, వెళ్తే మాకు ఒకటే ఇరుకు మంచం ఉండేది. తను గోడ పక్కన, నేను బయటివైపు. ఇప్పుడూ అంతే. కింద దీపం ఎంతో దూరంలో ఉన్నట్టుంది. గొట్టాలు టక్... టక్... మన్నాయి. నా వీపు వెనక ఊపిరి చప్పుడు లేదు. పరుపు మాత్రం మెల్లగా కిర్రుమంటోంది. పడుకున్న మనిషి నిద్ర పట్టక కదిలినట్టు.

"బ్రిట్టా" అన్నాను. "ఆ రోజు... నన్ను పిలిచావా?"

జవాబు లేదు.

"అందరూ పలక నువ్వే విప్పావనుకుంటున్నారు. నేనే అలా అనుకోనిచ్చాను. మీ అమ్మ నిన్ను తిడుతుంటే విన్నాను. నోరు పెగల్లేదు తల్లీ. నేనే విప్పానని చెప్పలేకపోయాను. నీ మీదికి నెట్టేశాను... చచ్చిపోయినదానివి, నువ్వు కాదనవు కదా అని."

నా నడుము మీద మోకాలు ఆనింది. చొక్కా లోంచి, కోటు లోంచి కూడా చలి దిగింది.

"కొంచెం జరుగు నాన్నా."

జరిగాను. కేబిన్‌లో కూడా ఇలాగే మోకాలితో పొడిచేది. చోటంతా ఆక్రమించుకునేది.

"ఇంకొంచెం."

జరిగాను. భుజం అంచు మీదికి వచ్చింది. అక్కడ చెక్క ఉండాలి. చెయ్యి చాపితే ఖాళీ.

"అమ్మడూ, ఇటు చోటు లేదు. ఇదే చివర."

"ఇంకొంచెం..."

ఆ గొంతులో కోపం లేదు. ప్రేమ కూడా లేదు. నిద్రమత్తు ఉంది. నిద్రలో ఉన్న పిల్ల చోటు అడుగుతోందో... లేక పడితే ఎలా ఉంటుందో నన్ను చూడమంటోందో... నాకు తెలీలేదు. ఇప్పటికీ తెలీదు. వద్దు అనొచ్చు. లేచి నిచ్చెన దిగొచ్చు. కానీ ఏడాది పైన నా కూతురు నన్నేమీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే.

జరిగాను.

తర్వాత చాలాసేపు నేల మీద ఉన్నాను. తుంటి ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కాలు కదల్లేదు. తలుపు తెరిచే ఉంది. దాని వైపు పాకాలని మోచేతుల మీద లేచాను. పన్నెండడుగులు. రెండడుగులు పాకేసరికి కళ్లు తిరిగాయి. "బ్రిట్టా!" అని అరిచాను. అరుస్తూనే ఉన్నాను. పైన ఏ చప్పుడూ లేదు.

కళ్లు తెరిచేసరికి ఆస్పత్రి. మంచం పక్కన మార్లిస్ కూచుని ఉంది. కోటు కూడా విప్పలేదు. మూడు గంటల దూరం మంచులో ఎలా నడుపుకుంటూ వచ్చిందో! కాళ్ల దగ్గర డువేన్ నిలబడి ఉన్నాడు. వాడు కాలేజీ సెక్యూరిటీ మనిషి, నాతో పాటు ముసలాడైనవాడు. నా తుంటిలో ఇనుప కడ్డీ వేశారట. ఇక జన్మలో నిచ్చెనలెక్కడం కుదరదన్నారట.

"ఆ హాస్టల్లో ఆదివారం దాకా ఎవరూ రారు" అన్నాడు డువేన్. "ఆ చలికి తెల్లారేసరికి గడ్డకట్టేవాడివి. ఆ పిల్లెవరో ఫోన్ చెయ్యబట్టి బతికావు."

"ఏ పిల్ల?"

"మాకూ తెలీదు. మూడో అంతస్తు నడవలో ఫోనుంది చూడు, దాన్నుంచి చేసింది. పేరు చెప్పకుండా పెట్టేసింది. నేను మంచులో దిగబడ్డ కారు లాగుతూ ఆరు దాకా రాలేకపోయాను. వచ్చి చూస్తే నువ్వొక్కడివే. మంచులో అడుగులు కూడా నీవే." తల గోక్కున్నాడు. "మా ఫోను దగ్గర కూచునే ఆవిడ మాటలన్నీ రాసి పెట్టింది. టైము మాత్రం తప్పు వేసింది. నాలుగు గంటల ఆరు నిమిషాలు అని రాసింది."

కాగితం మార్లిస్ చేతిలో పెట్టి, ఏదో తప్పు చేసినవాడిలా డువేన్ వెళ్లిపోయాడు. నాలుగూ ఆరుకి నేను ఇంకా ఆఫీసులో గారెట్‌తో వాదిస్తున్నాను. 314 తాళం నా చేతికి రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది.

మార్లిస్ కళ్లజోడు పెట్టుకుని చదివింది. "మా నాన్న మంచం మీంచి పడిపోయాడు. 314. తొందరగా రండి." ఆగి, కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుంది. "అడ్డుపలక లేదు. పలక నేనే తీసేశాను. ఆయన్నేమీ అనకండి."

కళ్లజోడు తీసేసి నా వైపు చూసింది. "ఎవరు లోవెల్, ఇలాంటి వేళాకోళం చేసేది? ఏ తల్లి కన్న పిల్ల ఇలా..." అని, మాట పూర్తి చెయ్యలేక, "దాని మాటల్లాగే ఉన్నాయి" అంది. "అచ్చం దాని మాటల్లాగే ఉన్నాయి."

ఇంక దాచడం నా వల్ల కాలేదు. "తను తియ్యలేదు మార్లిస్" అన్నాను. "నేను విప్పాను. ఆగస్టులో. పలక వద్దు నాన్నా అంది, నేను విప్పాను. తను అసలు ముట్టుకోలేదు."

మార్లిస్ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. నర్సు వచ్చి నా మంచానికి రెండు వైపులా కడ్డీలు ఎత్తి బిగించి వెళ్లింది.

"సమాధి దగ్గర కూడా దాన్ని తిట్టాను" అంది మార్లిస్, ఇటు తిరక్కుండానే. "పువ్వులు పెడుతూ తిట్టాను. నువ్వు పక్కనే నిలబడి విన్నావు."

"విన్నాను."

ఆవిడ చేతిసంచి తీసుకుని తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. కాగితం నా దుప్పటి మీద పెట్టి వెళ్లిపోయింది. నడవలో ఆవిడ ఏడుపు లిఫ్టు తలుపులు మూసుకునేదాకా వినిపించింది. పోయిన పిల్లని ఆవిడ ఆ రోజు మళ్లీ కొత్తగా పోగొట్టుకుంది. దానికి కారణం నేనే.

చీకటి పడ్డాక కాగితం తీసి చూశాను. ఫోను దగ్గర కూచునే ఆవిడ రాత గుండ్రంగా, ఓపిగ్గా ఉంది. వెనకవైపు కూడా రాసి ఉంది. మార్లిస్ అది చూడలేదు.

ఆయనకి స్పృహ ఉందా అమ్మా, అని ఈవిడ అడిగింది.

ఉంది, నన్ను పిలుస్తున్నాడు, అని జవాబు.

నువ్వు ఆయన పక్కనే ఉన్నావా?

లేదు. నేను పైన మంచం మీదే ఉన్నాను. బయటివైపు ఎవరూ లేరు, కదలాలంటే భయంగా ఉంది.

ఎవరో ఒకరు వచ్చేదాకా అలాగే ఉండమ్మా, అని ఈవిడ చెప్పింది.

ఎవరో ఒకరు కాదు, మా నాన్నే రావాలి. ఆయన్ని మళ్లీ ఎప్పుడు పంపిస్తారు?